ముందు సీటు కొలత

నిజామాబాద్,
22 ఏప్రిల్ 2025

షైని అక్కకు,

ఉత్తరం మొదట్ల ప్రభువు పేరిట వందనాలు రాయాలని నాయిన నేర్పిండు. ఇయ్యాల రాస్తలేను. మనసుల లేనిది కాగితం మీద పెట్టుడెందుకు.

మొన్నటి సంది నువ్వు ఇరవై సార్లు ఫోన్ చేసినవ్. నేను ఎత్తను. నీ గొంతు ఇంటే మెత్తబడుత, అది నీకు గూడ తెలుసు. ఎనిమిదేండ్ల సంది జోడు సైకిల్ మీద ముందు నువ్వు, ఎన్క నేను. గుంత, మలుపు, బ్రేకు, గేరు, అన్నీ నీ గొంతుతోనే నాకు తెలిసినయ్. గా గొంతుతోటి కొట్లాడుడు నా వశం గాదు. అందుకే బ్యాంకుల అందరు అన్నానికి పోయినంక కంప్యూటర్ల టైపు చేసి ప్రింటు తీస్తున్న. నువ్వు గూడ రాసే పంపు.

ఈస్టర్ నాడు ఏమైందో అమ్మ నీకు సగమే చెప్పి ఉంటది. మొత్తం నేను చెప్త.

చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నంక నువ్వు, బావ చుట్టాలను సాగనంప పోయిన్రు. నేను చెయ్యి కడుక్కొని ఎన్క అర్రలకు పోయిన. మంచం పక్కన పెద్ద అట్టడబ్బ కాలుకు తాకింది. మూత తెరిచే ఉంది. లోపట మెత్తటి కాగితం, దాని కింద సల్లగ, నున్నగ గొట్టం. ఫ్రేమ్ అని ఎంటనే తెలిసింది. అక్కా, అప్పుడు నా పానం ఎంత సంబురపడ్డదో చెప్పలేను. నాలుగు నెలల సంది మనం ఏరుతున్న జోడు ఫ్రేమ్‌ను నాకు చెప్పకుండ తెప్పిచ్చి, పండుగ పూట చేతుల పెడ్దామని దాసినవనుకున్న.

కింద కూసోని రెండు చేతులతోటి తడిమిన. పైగొట్టం రెండు జానలు దాటంగనే అయిపోయింది. సీటు పెట్టే కాడ ఒకటే రంధ్రం. పెడళ్ల ఇరుసు తిరిగే గూడు ఒకటే. రెండో గూడు కోసం మల్ల మల్ల ఎతికిన. సగమే పంపిన్రేమో, ఇంకో సగం ఇంకో డబ్బల ఉన్నదేమో అని అర్ర మొత్తం దేవులాడిన. మంచం కింద, బీరువ ఎన్క, తలుపు మూలకు. అప్పుడు అమ్మ వచ్చింది.

"ఏం దేవులాడుతున్నవ్ బిడ్డా?"

"ఇంకో డబ్బ ఏదమ్మా?"

"ఇంకో డబ్బ ఏంది? ఒకటే వచ్చింది. అది మీ అక్కది. ఒక్కతే తొక్కుకుంటదట. నీకు చెప్పలేదా?"

సంచి తీసుకొని ఆటోల బొల్లారం స్టేషన్‌కు పోయి కూసున్న. బండి వచ్చేదాక రెండు గంటలు అక్కడనే.

డిసెంబర్ల శామీర్‌పేట రోడ్డు మీద పడ్డప్పుడు మన పాత ఇనుప ఫ్రేమ్ నడుమ చీలింది. నాకు మెడ కింది ఎముక విరిగింది. దవాఖాన్ల నా చెయ్యి పట్టుకొని నువ్వే అన్నవ్: "ఈసారి మంచి ఫ్రేమ్ చూద్దాం క్రిస్టీ. ఎక్కడ రాజీ పడొద్దు. మిగిలిన సామాను ఒక్కొక్కటి మనమే ఏరి బిగిద్దాం." అప్పటి సంది ప్రతి ఆదివారం, ఇంట్ల ఉన్నన్ని రోజులు పక్కన కూసోని, తర్వాత ఫోన్ల, నువ్వు కార్బన్ గురించి, టైటానియం గురించి చదివి వినిపించుడు, నేను ఇనుడు. గా ఆదివారాలన్నీ నువ్వు ఎవరి ఫ్రేమ్ చూస్తున్నవ్?

తొక్కుకుంటే తొక్కుకో. దాసినవ్ సూడు, దానికి నా కోపం. చూపు లేనిదాని దగ్గర దాసుడు ఎంత అల్కనో. తలుపు గూడ మూసే పని లేదు.

అమ్మ బీపీ గోలి అన్నం తిన్నంకనే ఇయ్యి. ఆమె మర్చిపోతది.

క్రిస్టీన


కౌకూర్,
29 ఏప్రిల్ 2025

క్రిస్టీకి,

ప్రభువు పేరిట వందనాలు. నువ్వు రాయకున్నా నేను రాస్తున్న.

బడికి సెలవులు. పోరగాళ్ల ఆటల సామాను లెక్క అప్పజెప్పి అల్వాల్ నుంచి ఇంటికొచ్చేసరికి నీ ఉత్తరం గుమ్మంల ఉంది. ఎండల నిలబడే చదివిన. నాకు తెలుగు టైపు రాదు. అచ్చు అక్షరాలు చదివి వినిపించే నీ ఫోన్ చేతిరాత చదవలేదని తెలుసు. మీ హాస్టల్ నడిపే దుర్గాబాయి మేడమ్ ఉన్నది గదా, ఆమెతోటి చదివించుకో. మన ఇంటి మాటలు ఆమె ఇంటె ఇననీ. ఉత్తరాలు గావాలన్నది నువ్వే.

దాసిన. ఒప్పుకుంటున్న. ఇగ నువ్వు దాసింది చెప్పు.

మార్చిల మేడ్చల్‌ల కోచ్ హేమచంద్ సార్ కలిసిండు. చాయ్ తాగుకుంట ఎంత మామూలుగ అన్నడో. "క్రిస్టీన ముందు సీటుకు వేరే మనిషిని అడుగుతున్నది గదా షైనీ. అశ్రిత అని ఇంజినీరింగ్ చదివే పిల్ల ఉంది, మంచి జోరున్న పిల్ల. మీరిద్దరు మాట్లాడుకున్నరు గదా?" నేను మాట్లాడుకున్నమనే అన్న. తెల్వదంటే నా ఇజ్జత్ ఏం గావాలె? జనవరిలనే అడిగినవట. ఎముక ఇంక అతకలే, నీ చెయ్యి సంచిల కట్టే ఉంది. పొద్దుగాల లేస్తే నీ తల దువ్వింది నేను, జడ ఏసింది నేను. జడ ఏపిచ్చుకుంటనే నా జాగల ఇంకోదాన్ని చూసుకున్నవ్.

కని నా ఫ్రేమ్ ఆ కోపంతోటి తీసుకున్నది గాదు. అట్ల చెప్పుకుంటే నాకు సుఖమే, కని అబద్ధం. పోయిన అక్టోబర్ సంది చూస్తున్న. ముప్పై ఐదేండ్లొచ్చినయ్. నాది అని ఒక్క సైకిల్ లేదు. చిన్నప్పుడు నాయిన పాత సైకిల్, పెండ్లయినంక బావ సైకిల్, తర్వాత మన జోడు సైకిల్. నాకు పొట్టి నడుము, పొడుగు కాళ్లు. ఏ సైకిల్ మీద కూసున్నా హ్యాండిల్ అందుకోను ఈపు సాగతీసుడే. ఏడు నెలలు కొలతల పట్టికలు చూసిన. గాలిని కోసుకపోయే రకం ఒకటి చూసిన, అది మరీ వంగి తొక్కాలె. టైటానియం చూసిన, నా సైజు లేదు. కడకు ఎత్తు రోడ్లు ఎక్కనీకని చేసిన కార్బన్ ఫ్రేమ్, నలభై ఏడు సైజు, ముందు భాగం మిగిలినవాటి కంటె ఒక ఏలంత ఎత్తు. నేరేడుపండు రంగు. ఒక్క చేత్తోటి లేపితే లేస్తది. డబ్బ ఇప్పిన నాడు దాన్ని ఒళ్లె పెట్టుకొని కూసున్న. నీకు ఎట్ల చెప్పాల్నో తెల్వక దాసిన.

ఇంకొకటి ఉంది. ఇది రాయకపోతే ఈ ఉత్తరం అంత బేకార్. డిసెంబర్ పద్నాలుగు నాడు కుక్క అడ్డమొచ్చిందని నీకు చెప్పిన, అమ్మకు చెప్పిన, డాక్టర్‌కు చెప్పిన. కుక్క రాలే. సైకిళ్ల గుంపొకటి మనల్ని దాటిపోయింది. ఆఖరుకు ఒక ఆడమనిషి, ఒక్కతే, పెడళ్ల మీద లేచి నిలబడి ఎక్కుతున్నది. సైకిల్ ఆమె కింద ఇటు అటు ఊగుతున్నది. నేను ఆమెనే చూసుకుంట ఉండిపోయిన. ఎన్క నువ్వున్నవన్నది మర్చిపోయిన క్రిస్టీ. ముందు చక్రం తారు అంచు దిగింది. నీ ఎముక నేను ఇరగ్గొట్టిన. తిట్టు, కొట్టు, కని దీనికి మాత్రం జవాబు రాయి.

అమ్మ మామిడికాయ తొక్కు పెట్టింది. బావ ఆ దిక్కు పని మీద వస్తే పంపుత.

షైని


నిజామాబాద్,
6 మే 2025

అక్కకు,

నీ ఉత్తరం దుర్గాబాయి మేడమ్ చదివింది. నువ్వు నన్ను తిట్టిన మాటలన్నీ ఆమె నోట ఇన్న. ఆఖర్ల దగ్గు తెర వచ్చి ఆగింది, నీళ్లు తాగి వచ్చి మామిడికాయ తొక్కు కాడి నుంచి చదివి ముగించింది. డెబ్బై ఏండ్ల మనిషితోటి మన కొట్లాట చదివిస్తున్న. ఇద్దరికీ సిగ్గుండాలె.

అవును, అడిగిన. హేమచంద్ సార్ అబద్ధం చెప్పలే. ఎందుకడిగిన్నో నేనే చెప్తుంటి, నువ్వు ముందే తెలుసుకొని నెల రోజులు లోపల పెట్టుకున్నవ్.

మన పెడళ్లు రెండు ఒకటే చైనుకు తిరుగుతయ్. నీ కాలు ఏం చేస్తదో నా కాలుకు తెలుస్తది. పోయిన ఏడాది సంది నీ కుడికాలు తొక్కుతలేదు. కిందికి పోయేటప్పుడు ఒక్క క్షణం ఆగుతది, అప్పుడు నేను ఇద్దరి తొక్కుడు తొక్కుత. మోకాలు నొస్తున్నదా అని మూడుసార్లు అడిగిన. "ఏం లేదు, గాలి ఎదురున్నది" అన్నవ్. గాలి ఎటు దిక్కు కొడ్తదో నా మొఖానికి తెల్వదా?

నవంబర్ల జాతీయ పోటీలు. నాకు ఇరవై ఆరేండ్లు. నాకు గెల్వాలని ఉంది. బ్యాంకుల కూసుంటే పాపం అంటరు, బస్సు ఎక్కితే పాపం అంటరు. సైకిల్ మీద ఉన్నప్పుడే నన్ను ఎవ్వలు పాపం అనరు. అందుకే జోరున్న మనిషిని అడిగిన. నీ ఎన్కమాల అడిగిన, అది తప్పు. అడుగుడు మాత్రం తప్పు గాదు.

ఇగ ఫ్రేమ్ సంగతి. నువ్వు లేకుండనే పోయిన. ఇరవై ఆరో తారీఖు నాడు హేమచంద్ సార్ నన్ను గాజులరామారం తోల్కపోయిండు. అక్కడ సత్తయ్య అని టైటానియం వెల్డింగ్ చేసే పెద్దమనిషి ఉన్నడు. ఫ్యాక్టరీల పని చేసి దిగిపోయినంక కొలత తీసుకొని ఫ్రేమ్‌లు చేస్తుండు. బయటి దేశం కార్బన్ జోడు ఫ్రేమ్ అల్కగ ఉంటది, కని వాళ్లు చేసిన సైజుల మనం ఇమడాలె. ఈయన మనకు తగ్గట్టు గొట్టం కోస్తడు. నా చేతులకు మూడు రకాల గొట్టాలు ఇచ్చిండు. గోరుతోటి కొట్టి ఇన్న. నడుమ సన్నగ, కొసలకు మందంగ ఉన్నది నచ్చింది. అదే చెప్పిన. నా కాలు, నడుము, చెయ్యి కొలిచిండు. తర్వాత అడిగిండు: "మరి ముందట ఎవరు కూసుంటరు బిడ్డా? ముందు సీటు కొలత లేంది గొట్టం కొయ్యలేను. ఒకసారి కోస్తే ఇంకో మనిషికి పనికిరాదు."

నీకు ఐదడుగుల రెండంగుళాలు, అశ్రితకు ఐదడుగుల ఏడు. ఇద్దరికీ ఒక్క ఫ్రేమ్ సరిపోదు. నెలాఖరు దాక టైమ్ అడిగి వచ్చిన.

గెలుపు లెక్క ఏస్తే అశ్రిత కొలత ఇయ్యాలె. కని కుక్క అడ్డమొచ్చిన నాడు నువ్వు హ్యాండిల్ ఎట్ల తిప్పినవో గుర్తొస్తది. ఇంకొకలైతే లారీల కిందికే పోతుంటిమి. ఆ కుక్క కోసమన్న నీ కొలతే ఇద్దామని ఒక మనసు చెప్తున్నది. నువ్వేమంటవో రాయి.

క్రిస్టీన


కౌకూర్,
14 మే 2025

క్రిస్టీనకు,

ఎగతాళి చేసుడు ఎప్పుడు నేర్చినవ్?

నాలుగు నెలలు గొంతుల ఇరుక్కున్న మాటను తీసి నీ ముందట పెట్టిన. జవాబు రాయి అని బతిలాడిన. నువ్వు "ఆ కుక్క కోసమన్న" అని రాసినవ్. హ్యాండిల్ ఎట్ల తిప్పినవో గుర్తొస్తదని రాసినవ్. రెండుసార్లు చదివి బావకు గూడ సూపిచ్చిన. తిడితే పడ్తుంటి. ఇట్ల మెత్తగ పొడుస్తవనుకోలే.

కుక్క లేదు అని నా చేత్తోటి రాసిచ్చిన. ఆడమనిషిని చూసుకుంట నిన్ను మర్చిపోయిన అని రాసిచ్చిన. ఇంకేం గావాలె నీకు? చర్చిల నిలబడి చెప్పాల్నా?

మోకాలు నొస్తది. అవును. ఏడాదిన్నర సంది. చెప్తే నువ్వు తొక్కుడు బంద్ చేస్తవని చెప్పలే. నువ్వేమో గా చైను పట్టుకొని నా కాలును కాపలా కాసినవ్. ఇంత తెలిసినదానివి, "అక్కా, ఇగ సాలు, నువ్వు దిగు" అని ఒక్క మాట అంటే దిగుతుంటి గదా. ఎవరో సార్‌తోటి అనిపిచ్చినవ్.

సత్తయ్యకు నా కొలత ఇయ్యకు. నువ్వు ఇచ్చినా నేను ఆ సీటు ఎక్కను.

అమ్మ రోజూ అడుగుతున్నది, ఎందుకు మాట్లాడుకుంటలేరని. నేను వంటింట్లకు పోతున్న.

షైని


నిజామాబాద్,
26 మే 2025

షైని అక్కకు,

ఇది కూసోని రెండోసారి టైపు చేస్తున్న. మొదటిది తీసేసిన. దాంట్ల రాయకూడని మాటలున్నయ్.

నీ ఉత్తరం పోయిన సోమవారం వచ్చింది. దుర్గాబాయి మేడమ్ రెండు వరుసలు చదివి ఆగింది. "ఏమైంది మేడమ్" అంటే కుర్చీ జరిపి లేచింది. బీరువ తాళం ఇప్పిన సప్పుడైంది. నీ మొదటి ఉత్తరం తీసుకొచ్చింది.

"బిడ్డా, అప్పుడు నాకు దగ్గు రాలే. ఒక ముక్క వదిలిపెట్టిన" అన్నది.

చదివింది. మొత్తం చదివింది. ఆఖరుకు "నీ ఎముక నేను ఇరగ్గొట్టిన" అన్న కాడ ఆమె ఏడ్సింది. నేను ఏడ్వలే.

"ఎందుకు వదిలిన్రు?" అని అడిగిన.

"నీ చెయ్యి ఇంక పైకి లేస్తలేదు. సైకిల్ ఎక్కితే ముందున్న మనిషి మీదనే నీ పానం. ఆ నమ్మకం నా నోటితోటి ఎట్ల తీసెయ్యాలె? అక్కచెల్లెండ్లు, రేపు కలుస్తరు, ఈ మాట ఎవ్వలకు తెల్వకుండ పోతదనుకున్న."

నేను ఆమెను గట్టిగనే అన్న. "మేడమ్, నాకు ఏది మంచిదో చూసి చెప్పేటోళ్లు మస్తుమంది ఉన్నరు. నాకు ఉన్నది ఉన్నట్టు చదివే మనిషి ఒక్కరు గావాలె" అన్న. ఆ పూట ఆమె అన్నం తినలేదట. పాపం అనిపిచ్చింది, కని మాట ఎన్కకు తీసుకోలే.

కాబట్టి నేను ఎగతాళి చెయ్యలేదు అక్కా. నాకు తెల్వదు. నిజంగ కుక్కకు దండం పెట్టుకున్న. దవాఖాన్ల మందు మత్తుల గూడ "అక్క కుక్కను తప్పిచ్చింది" అని నర్సుకు చెప్పిన. బ్యాంకుల అందరికీ చెప్పిన. ఆ కుక్క బతికిందా అని నిన్ను అడిగిన. "బతికింది, చెరువు దిక్కు ఉరికింది" అన్నవ్. లేని కుక్క ఏ దిక్కు ఉరికిందో గూడ చెప్పినవ్.

పడుడు నేను అర్థం చేసుకుంట. చూపున్నోళ్లు చూస్తరు. మనసు పోతది. అది మాఫ్. కుక్కను మాఫ్ చేయను. నేను చూడలేనని తెలిసి నా ముందట ఒక లోకం కట్టి పెట్టినవ్. ఇప్పుడు ఎనకటియన్నీ తవ్వుకుంటున్న. "చెరువు నిండ నీళ్లున్నయ్ క్రిస్టీ" అన్నవ్, ఉండెనా? "అందరు మనల్నే చూస్తున్నరు, చప్పట్లు కొడ్తున్నరు" అన్నవ్, కొట్టిన్రా? ఏది నమ్మాలె నేను?

శనివారం గాజులరామారం పోయిన. అశ్రిత వచ్చింది. సత్తయ్య కొలతలు తీసుకున్నడు. "ఇదే ఖాయమా బిడ్డా, మల్ల మార్చరాదు" అన్నడు. ఖాయం అన్న.

నీ మీద కోపంతోటి ఇచ్చినననుకుంటవేమో. సగం కోపమే. మిగిలిన సగం నీ మోకాలు. రెండు కలిస్తేనే నోరు లేసింది.

క్రిస్టీన


కౌకూర్,
4 జూన్ 2025

క్రిస్టీకి,

దుర్గాబాయి గారూ, మీ మీద నాకు కోపం లేదు. ఇది మాత్రం మొత్తం చదవండి.

చెరువుల నీళ్లు ఉండెను. రెండేండ్లు ఉండెను, ఒక ఏడు సగమే ఉండెను, నిండ అని చెప్పిన. చప్పట్లు ఒకసారి కొట్టిన్రు, నాలుగుసార్లు కొట్టలే. నీకు సంబురం గావాలని చెప్పిన. ఇప్పుడు ఆలోచిస్తే నా సంబురం కోసమే చెప్పిన్నేమో. నువ్వు ఎన్క నుంచి నవ్వితే నాకు తొక్క బుద్ధయితుండె.

కుక్క మాట గూడ చెప్త. భయపడ్డ. రోడ్డు మీద నీ చెయ్యి వంకరపోయి ఉంది, నువ్వు "ఏమైంది అక్కా" అన్నవ్, నా నోట్లకెంచి కుక్క వచ్చింది. తర్వాత దాన్ని ఎన్కకు తీసుకొనుడు నాతోని గాలే.

కొలత ఇచ్చినవ్ గదా, మంచిది. నేనే ఇయ్యకన్న. ఇచ్చినవని చదివినంక ఆ కాగితం మడిచి అవతల పెట్టిన. నేను ఇయ్యకు అన్నా నువ్వు ఇస్తననాలె అని మనసుల ఎక్కడనో ఉండెనేమో. అది గూడ నీదే తప్పనిపిస్తున్నది. నా కోపానికి ఇప్పుడు తెలివి లేదు.

నా సైకిల్ బిగిచ్చిన. హ్యాండిల్, గేర్లు, చక్రాలు, అన్ని నేనే ఏరిన, బావ పట్టుకున్నడు, నేను తిప్పిన. మొన్న ఒక్కదాన్నే మేడ్చల్ దాక పోయొచ్చిన. డాక్టర్ చెప్పినట్టు సీటు జరిపితే మోకాలు తక్కువ నొచ్చింది. మస్తు మంచిగనిపిచ్చింది. ఇది చదివితే నీకు ఇంక మండుతదని తెలుసు. అయినా రాస్తున్న. ఇగ నుంచి ఉన్నదే రాస్త.

షైని


నిజామాబాద్,
12 ఆగస్టు 2025

అక్కకు,

రెండు నెలలు రాయలే. రాయ బుద్ధిగాలే.

ఫ్రేమ్ అయింది. పోయిన నెల ఆఖరి శనివారం సత్తయ్య నా చేతులకు ఇచ్చిండు. రంగు ఏస్తనంటె వద్దన్న, లోహం లోహం లెక్కనే ఉండనీ అన్న. అతుకుల మీద ఏలు పెడితే సన్నటి అలలు, ఎక్కడ గరుకు లేదు. ముందు సీటు గొట్టం నా చాతి దాక వచ్చింది. అంత ఎత్తు నాకు కొత్త. కొద్దిసేపు దాన్ని పట్టుకొని నిలబడ్డ.

చక్రాలు, గేర్లు హేమచంద్ సార్ దగ్గరుండి బిగిపిచ్చిండు. బొల్లారం కాడ నాలుగు సార్లు చిన్నగ తిరిగినం. అశ్రిత మాట తక్కువ పిల్ల. గుంత వస్తదంటె గుంత అంటది, అంతే. చెరువు గురించి చెప్పదు, మనుషుల గురించి చెప్పదు. మొదట్ల బోరు కొట్టింది. ఇప్పుడు ఆ కరువు మాటలే నాకు నిమ్మళంగ ఉన్నయ్. ఇది నిన్ను నొప్పించనీకి రాసిన. అబద్ధం మాత్రం గాదు.

ఇరవై మూడో తారీఖు శనివారం పొద్దుగాల మొదటిసారి హకీంపేట నుంచి శామీర్‌పేట దాక జోరుగ తొక్కుతున్నం. సార్ టైమ్ చూస్తడు. నువ్వు రావద్దు. పక్కన నీ గొంతు ఇనబడితే నా కాళ్లు నీ దిక్కు పోతయ్. బతిలాడుతలేను, చెప్తున్న.

దుర్గాబాయి మేడమ్ ఇప్పుడు నువ్వు కొట్టేసిన మాటలు గూడ చదువుతున్నది. పోయిన ఉత్తరంల "బంగారు" అని రాసి కొట్టేసినవట. ఎందుకు రాసినవ్, ఎందుకు కొట్టేసినవ్ అని నేను అడగను.

క్రిస్టీన


కౌకూర్,
25 ఆగస్టు 2025

క్రిస్టీకి,

వచ్చిన. రావద్దన్నవ్, అయినా వచ్చిన. ఆ కోపం గూడ నా మీద రాసుకో.

చీకటి ఇడువకముందే నా సైకిల్ మీద బయలెల్లి తూంకుంట దాటినంక చాయ్ బండి ఎన్క నిలబడ్డ. నోరు ఇప్పలే. చాయ్ ఆయన "ఏం గావాలమ్మా" అంటె ఏలు సూపెట్టిన. ఏడు కావొస్తుంటె మీరు కనబడ్డరు. ముందు అశ్రిత. నా జాగల ఆమెను చూస్తే మండుతదనుకున్న, మండింది. కని అది ఒక్క క్షణమే, ఎందుకంటె ఆమె ఎన్క నువ్వున్నవ్.

ఎనిమిదేండ్లు నువ్వు నా ఎన్కనే కూసున్నవ్. నువ్వు తొక్కంగ నేను ఒక్కనాడు చూడలే. ఊరంత చూసిన్రు, సార్ చూసిండు, రోడ్డు పొంట కూరగాయలమ్మేటోళ్లు చూసిన్రు. నేనే చూడలే.

ఎట్లుంటవో చెప్తున్న. ఉన్నదే చెప్తున్న. తల జర కుడికి వంచి పెడ్తవ్, ఎవరో చెవుల గుసగుస చెప్తున్నట్టు. నోరు కొద్దిగ తెరిచి ఉంటది. భుజం ఇంక ఎడమ దిక్కు ఒదిగే ఉంది, అది సరిచేయించుకోవాలె. నీ కాళ్లు మాత్రం, క్రిస్టీ, ఎక్కడ ఎక్కువ తక్కువ లేకుండ గుండ్రంగ తిరుగుతున్నయ్. నేను ముందట కూసోని ఇద్దరి తొక్కుడు నాదే అనుకుంటుంటి.

అక్కడ ఎక్కుడు షురూ అయితది గదా, అశ్రిత పండ్లు బిగపట్టింది. నువ్వు నవ్వినవ్. ఎవరి కోసం గాదు, ఎవ్వలు ఏం చెప్పలే. ఎక్కుడు కాలుకు తెలియంగనే నీ మొఖమంత నవ్వొచ్చింది. ప్రతి ఎక్కుడుకు ఇట్లనే నవ్వుతుంటివా? నేను ముందట మోకాలు పట్టుకొని ఎప్పుడు అయిపోతదా అని లెక్కపెట్టుకుంట ఎక్కుతుంటి. ఎన్క నువ్వు నవ్వుతుంటివి. నాకు మస్తు కోపమొచ్చింది. నీ మీద గాదు, అశ్రిత మీద గాదు. ఎనిమిదేండ్లు అది నా ఈపు ఎన్క జరిగి పోయినందుకు.

పిలవలే. నీ మాట అంతవరకన్న ఇన్ననుకో. మీరు దాటిపోయినంక నా సైకిల్ ఎక్కిన. మీ ఎన్కనే తొక్కిన, ఉన్న బలమంత పెట్టి, లేచి నిలబడి తొక్కిన. శామీర్‌పేట చెరువు మలుపు దాక నీ ఎర్ర జెర్సీ కనబడ్డది.

అందుకోలేకపోయిన.

షైని